గాలి కబుర్లు: గన్నవరం మంచు, దుబాయ్ గాలి, ఇంకొన్ని ఉత్తరాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం పొగమంచు మీదే. సంక్రాంతికి ఊరెళ్లినవాళ్ల కోపం ఇంకా చల్లారినట్టు లేదు. ఈ శీర్షిక కొత్తగా చూస్తున్నవారికి ఒక్క ముక్క: నేను ఫ్లైట్ డిస్పాచర్ని. విమానం నడిపే పని కాదు నాది. ఆపరేషన్స్ కంట్రోల్ గదిలో కూర్చుని ఏ దారిన వెళ్లాలి, ఎంత ఇంధనం పోయాలి, దిగాల్సిన చోట దిగలేకపోతే ఎటు పోవాలి అని లెక్కగట్టి కెప్టెన్ చేతికి ఇస్తాను. ఆ లెక్కలో సింహభాగం వాతావరణానిదే.

ప్రశ్న: మేడమ్ గారూ, భోగికి ముందురోజు తెల్లవారి ఆరుంబావుకి హైదరాబాద్‌లో బయల్దేరాం. గన్నవరం పైన అరగంట గిరికీలు కొట్టి, మళ్లీ శంషాబాద్‌లోనే దింపారు. కిటికీలోంచి రన్‌వే నా కళ్లకి స్పష్టంగా కనబడింది. విజయవాడలో మా బావగారు డాబా మీద ఎండలో నిలబడి ఫోన్ చేశారు. పొగమంచు అన్నది నిజమేనా, లేక వేరే ఏదైనా సాకా?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, పటమట)

జవాబు: మాస్టారూ, మీరు చూసిందీ నిజమే, మీ బావగారు చెప్పిందీ నిజమే, పొగమంచూ నిజమే.

ముందు మీ కిటికీ సంగతి. డెల్టాలో చలికాలం పట్టే మంచు చాలాసార్లు పల్చటి పొర. యాభై, అరవై మీటర్ల మందం కూడా ఉండదు. నిట్టనిలువుగా పై నుంచి చూస్తే ఆ పొర ఒక లెక్కలోది కాదు, రన్‌వే గీతలు కూడా కనిపిస్తాయి. కానీ విమానం నిట్టనిలువుగా దిగదు కదా. దాదాపు 3 డిగ్రీల వాలులో వస్తుంది. ఆ ఏటవాలు చూపు అదే పొరలో వందల మీటర్లు ప్రయాణించాలి. పైనుంచి రన్‌వే చూసిన కెప్టెన్‌కే, దిగే దారిలో ముక్కు కిందికి వంచాక ముందు తెల్లటి గోడ తప్ప ఇంకేమీ కనబడదు. ఇది ప్రయాణికులని నమ్మించడం కష్టమని నాకు తెలుసు.

ఇక బావగారి ఎండ. ఊళ్లో సిమెంటు, తారు రాత్రంతా పగటి వేడిని వదులుతూనే ఉంటాయి. గన్నవరంలో అలా కాదు. చుట్టూ వరి కోసి మినుము చల్లిన చేలు, పక్కనే ఏలూరు కాలువ, నేలనిండా తడి. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి ఆడకపోతే నేల వేడి సూటిగా ఆకాశంలోకి పోతుంది. నేలకి ఆనుకున్న గాలి చల్లబడుతుంది. గాలి ఉష్ణోగ్రత, మంచుబిందు ఉష్ణోగ్రత (గాలిలోని ఆవిరి నీటిబొట్లుగా మారే అంకె) దగ్గరపడి, రెండూ ఒకటే అంకె దగ్గర కలిశాయంటే మంచు పట్టినట్టే. ఊరికీ విమానాశ్రయానికీ మధ్య దూరం ఇరవై కిలోమీటర్ల లోపే. వాతావరణానికి ఆ దూరం చాలు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ మంచు బాగా చిక్కబడేది అర్ధరాత్రి కాదు, తెల్లవారుజామున, ఒక్కోసారి సూర్యోదయం అయిన వెంటనే. తొలి ఎండకి నేల దగ్గర గాలి కాస్త కదులుతుంది. ఆ కదలిక చెదరగొట్టేంత ఉండదు, కలియబెట్టేంతే ఉంటుంది. గడ్డి మీద మంచుబిందువులు ఆవిరై అదే గాలిలో కలుస్తాయి. జనవరిలో విజయవాడలో సూర్యోదయం ఆరుమ్ముప్పావు ప్రాంతంలో. మీ విమానం గన్నవరం పైకి వచ్చింది ఏడింటికి. అంతకంటే పాడు ముహూర్తం లేదు. ఆరింటికి రెండువేల మీటర్లు కనబడుతోందని రిపోర్టు వచ్చి ఉంటుంది, దాన్ని నమ్మి బయల్దేరారు, ఏడింటికి మూడువందలకి పడిపోయి ఉంటుంది.

దిగడానికి ఎంత కనబడాలి అనేదానికి కచ్చితమైన అంకె ఉంది. రన్‌వే మీద దీపాలు, గీతలు ఎంత దూరం కనిపిస్తాయో చెప్పే కొలతని ఆర్‌వీఆర్ అంటారు. రేడియో సంకేతాలతో విమానాన్ని రన్‌వేకి నడిపించే ఐఎల్ఎస్‌లో మామూలు రకం కేటగిరీ-1, అందులో ఆర్‌వీఆర్ 550 మీటర్లు ఉండాలి. ఢిల్లీలో కేటగిరీ-3బి ఉంది కాబట్టి 50 మీటర్లలో కూడా దిగుతారు, అదీ విమానానికి ఆ పరికరాలు, పైలట్లకి ఆ శిక్షణ ఉంటేనే. ఆర్‌వీఆర్ ఆ అంకెకి తక్కువ ఉందని తెలిసినప్పుడు వెయ్యి అడుగుల కిందికి దిగే ప్రయత్నం కూడా చేయకూడదు. "ఒకసారి చూసి వద్దాం" అనే మాటకి చోటు లేదు.

మరి బయల్దేరడం ఎందుకు అంటారు. అక్కడే నా పని. డిసెంబరు, జనవరుల్లో పొద్దుటి గన్నవరం ఫ్లైటు నా బల్ల మీదికి వస్తే నేను ముందు చూసేది గన్నవరాన్ని కాదు, దిగలేకపోతే మళ్లాల్సిన ఊరిని, అంటే ఆల్టర్నేట్‌ని. రాజమండ్రి మ్యాపులో దగ్గరే, కానీ అదీ గోదావరి తడి నేలే. గన్నవరాన్ని ముంచిన రాత్రి రాజమండ్రిని వదిలిపెడుతుందని నేను అనుకోను. కాగితం మీద అది చెల్లే ఆల్టర్నేటే, నేను మాత్రం పెట్టను. విశాఖ నేవీ వాళ్ల విమానాశ్రయం, ఆ పూట నోటామ్ (మూసివేతలు, మార్పులు తెలిపే నోటీసు) చూసుకోవాలి. చివరికి చాలాసార్లు తేలేది బయల్దేరిన హైదరాబాదే. అప్పుడు ఇంధనం లెక్క ఇలా ఉంటుంది: వెళ్లడానికి, అనుకోని ఖర్చులకి 5 శాతం, గన్నవరం నుంచి తిరిగి శంషాబాద్‌కి, అక్కడ చివరి రిజర్వుగా 30 నిమిషాలు. వీటి మీద మంచు విడిపోతుందేమోనని గిరికీలు కొట్టడానికి ఇంకో అరగంట. చిన్న పంకాల విమానం ఏటీఆర్ గంటకి ఏడువందల కిలోల దాకా తాగుతుంది, ఎయిర్‌బస్ 320 అయితే దాదాపు రెండున్నర టన్నులు. మీరు కొట్టిన ఆ అరగంట గిరికీలు ఎవరో ఒకరు రాత్రి కూర్చుని, విడిపోతుందని ఆశపడి పోయించిన ఇంధనం. నన్నడిగితే అలాంటి పొద్దున విమానాన్ని శంషాబాద్ గేటు దగ్గరే గంటసేపు కూర్చోబెట్టడం మేలు. కంపెనీల్లో టైమ్‌కి బయల్దేరినట్టు చూపించుకోవాలన్న తాపత్రయం ఒకటి ఉంటుంది, దానితో నాకు ఎప్పుడూ పడలేదు.

ప్రశ్న: మీరు మాటిమాటికీ మెటార్ అంటారు. ఒకటి విప్పి చూపించండి. నేను బీఎస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను.
(విద్యార్థిని, నూజివీడు)

జవాబు: చూడమ్మా. మెటార్ అంటే విమానాశ్రయం ఇచ్చే అప్పటి వాతావరణ రిపోర్టు. మంచు పట్టిన పొద్దున గన్నవరం రిపోర్టు ఇలా ఉండొచ్చు, ఉదాహరణకి రాస్తున్నాను:

వీఓబీజెడ్ 120130జెడ్ 00000కేటీ 0300 ఎఫ్‌జీ ఎన్‌ఎస్‌సీ 17/17 క్యూ1016 బీఈసీఎంజీ 0800

మొదటిది గన్నవరం పేరు. తర్వాత 12వ తేదీ, 01:30 యూటీసీ, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం. దానికి అయిదున్నర గంటలు కలుపు, మన ఏడు గంటలు. గాలి సున్నా. కనబడే దూరం 300 మీటర్లు. ఎఫ్‌జీ అంటే పొగమంచు, వెయ్యి మీటర్ల కంటే తక్కువ కనబడితేనే ఆ రెండక్షరాలు రాస్తారు. వెయ్యి నుంచి అయిదువేల దాకా అయితే బీఆర్. చెప్పుకోదగ్గ మబ్బు లేదు. ఉష్ణోగ్రత 17, మంచుబిందువు 17. పీడనం 1016. చివర్లో ఉన్నది ట్రెండ్, వచ్చే రెండు గంటల మాట: నెమ్మదిగా 800 మీటర్లకి మెరుగవుతుందని.

చదవడం రెండు రోజుల్లో వస్తుంది. అరగంటకొకటి వస్తాయి కాబట్టి వరసగా నాలుగు పక్కపక్కన పెట్టి చూడటం అలవాటు చేసుకో. 19/16, 18/16, 18/17, 17/17. ఈ వరస చూస్తే నాలుగోది రాకముందే నీకు తెలిసిపోవాలి. గాలి వేగం నాలుగైదు నాట్లు (గంటకి ఏడు నుంచి తొమ్మిది కిలోమీటర్లు) ఉంటే మాత్రం తొందరపడి తేల్చకు, మంచు నేలకి అంటకుండా కాస్త పైకి లేచి మబ్బులా నిలబడొచ్చు.

టాఫ్ అని ఇంకోటి ఉంది, అది ముందస్తు అంచనా. చిన్న విమానాశ్రయాలకి 9 గంటలది, పెద్దవాటికి 30 గంటలది. అందులో టెంపో అని ఉంటే, ఆ మార్పు ఒక్కో విడతలో గంటకి మించి ఉండదని, మొత్తం కలిపి ఆ వ్యవధిలో సగానికి తక్కువేనని అర్థం. ప్రాబ్ 30, ప్రాబ్ 40 అని రెండే శాతాలు వాడతారు. ముప్పై కంటే తక్కువైతే రాయరు, యాభై అయితే అది ఇక "కావచ్చు" కాదు, నేరుగా అంచనాలోకే ఎక్కుతుంది. కొత్తవాళ్లు ప్రాబ్ 30ని చూసి చూడనట్టు పోతారు. పొగమంచు విషయంలో ఆ పని చేయొద్దు. మూడు రాత్రులకి ఒక రాత్రి నిజమయ్యేదానికి ఇంధనం పోయకుండా ఎలా?

ప్రశ్న: మా ఆయన దుబాయ్‌లో పని. జనవరిలో హైదరాబాద్ నుంచి వెళ్లేటప్పుడు గంట దాకా ఎక్కువ పడుతుంది, వచ్చేటప్పుడు తొందరగా వచ్చేస్తుంది. ఆగస్టులో అంత తేడా లేదంటాడు. భూమి తిరగడం వల్లనా?
(గృహిణి, జగిత్యాల)

జవాబు: భూమి తిరగడం వల్ల కాదమ్మా, గాలి కూడా భూమితోబాటే తిరుగుతుంది. ఇది పై గాలి పని.

చలికాలంలో ఉత్తర భారతం మీదుగా, 12 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి ఒక గాలి నది పారుతుంది, అదే పశ్చిమ జెట్. హైదరాబాద్ నుంచి దుబాయ్ వాయవ్యంగా దాదాపు 2,550 కిలోమీటర్లు. వెళ్తున్నకొద్దీ ఆ గాలికి ఎదురుపోతున్నట్టే. విమానం గాల్లో గంటకి 830 కిలోమీటర్లు పోతుందనుకోండి, సగటున 110 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే నేల మీద లెక్కకి మిగిలేది 720. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తే 940. మూడున్నర గంటలు ఒకవైపు, రెండు గంటల ముప్పావు ఇంకోవైపు. మీ ఆయన చెప్పిన తేడా అదే. ఈ పైగాలుల అంచనాలు ప్రపంచం మొత్తానికి లండన్, వాషింగ్టన్ కేంద్రాల నుంచి వస్తాయి. మేము ఒకే ఊరికి రెండు మూడు దారులు వేసి, ఏ ఎత్తున గాలి తక్కువ కొడుతుందో చూసి ఎంచుకుంటాం.

ఎండాకాలం ముదిరాక ఆ పశ్చిమ జెట్ హిమాలయాలకి ఉత్తరంగా జరిగిపోతుంది. వానాకాలంలో మన నెత్తిమీద దానికి పూర్తిగా వ్యతిరేకంగా, తూర్పు నుంచి పడమటికి ఇంకో జెట్ వస్తుంది. దాని బలమైన భాగం పదిహేను కిలోమీటర్ల ప్రాంతంలో, విమానాలు తిరిగే ఎత్తుకి పైన ఉంటుంది. మాకు తగిలేది దాని అడుగంచు. అయినా జూలై, ఆగస్టుల్లో దక్షిణాది నుంచి గల్ఫ్‌కి వెళ్లే ఫ్లైటుకి కొంత దూరం వెనకగాలి దొరుకుతుంది.

ఈ తూర్పు జెట్‌ని లోకానికి వివరించింది మన తెలుగువాడు, పంచేటి కోటేశ్వరం గారు. 1958లో ఆ పరిశోధన వ్యాసం అచ్చయింది. వేసవిలో టిబెట్ పీఠభూమి వేడెక్కడానికీ ఈ గాలికీ ఉన్న సంబంధం ఆయన చెప్పారు. తర్వాత భారత వాతావరణ శాఖకి డైరెక్టర్ జనరల్ అయ్యారు. రోజూ ఆ గాలి మీద ఇంధనం మిగుల్చుకునే మా గదిలో ఆయన పేరు తెలిసినవాళ్లు చాలా తక్కువ. పాఠ్యపుస్తకాల్లో ఒక పాఠమన్నా ఉండాలి.

ప్రశ్న: ఫోన్‌లో వాన బొమ్మ చూపిస్తే మా పిల్లలు ప్రయాణం మానుకోమంటారు. నిజంగా అంత భయపడాలా?
(కరీంనగర్)

జవాబు: అక్కర్లేదు. వాన పడితే విమానం ఆగదు. మేం చూసేవి వేరు: ఎంత కనబడుతుంది, మబ్బు ఎంత కిందికి దిగింది, గాలి రన్‌వేకి అడ్డంగా ఎంత కొడుతుంది, క్యుములోనింబస్ ఉందా లేదా. ఆ ఆఖరిదాన్ని సీబీ అంటాం. ఏప్రిల్, మే సాయంత్రాలు హైదరాబాద్ చుట్టూ లేచే ఉరుముల మబ్బులు అవే. వడగళ్లు, మెరుపులు, కింద పడగానే నలువైపులా విరజిమ్మే గాలి, అన్నీ అందులోనే. వాటికి ఇరవై నాటికల్ మైళ్లు, అంటే 37 కిలోమీటర్ల దూరం ఉంచాలని పైలట్లకి నూరిపోస్తారు.

అలాంటి సాయంత్రం మా గదిలో అసలు తలనొప్పి మబ్బుతో కాదు, పార్కింగ్‌తో. శంషాబాద్ మూసుకుంటే వచ్చేవన్నీ బెంగళూరు, విజయవాడ, నాగపూర్ వైపు తిరుగుతాయి. గన్నవరంలో విమానం నిలపడానికి బేలు పరిమితం. వాతావరణం బాగుందని పంపితే సరిపోదు, "ఒక బే ఇవ్వండి" అని ఫోన్ చేసి ఒప్పించుకోవాలి. హైదరాబాద్ డాప్లర్ రాడార్ బొమ్మలో ఎర్రటి గీత కదులుతుండగానే ఆ ఫోన్ చేసినవాళ్లకి చోటు దొరుకుతుంది. ఉరుములు మొదలయ్యాక చేస్తే లైనే దొరకదు.

ప్రశ్న: తుపాను రేపు తీరం దాటుతుందనగా ఈరోజే విమానాలు రద్దు చేస్తారు. ఎండ కాస్తుంటే రద్దు ఏమిటి?
(ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం)

జవాబు: హుద్‌హుద్ చూసిన ఊరు మీది. 2014 అక్టోబరు 12న ఆ గాలికి విశాఖ టెర్మినల్ కప్పు ఏమైందో మీకు నేను చెప్పేదేముంది. అలాంటి గాలి వస్తుందని తెలిసిన చోట రాత్రి విమానాన్ని నిలబెట్టి ఉంచరు, ముందే ఖాళీగానైనా ఎగరేసి వేరే ఊరు చేరుస్తారు. తిరిగి తెచ్చేదాకా మీ ఊరి ఫ్లైటు లేనట్టే.

రెండో కారణం ఆల్టర్నేట్. తుపాను ఒక్క ఊరి మీద పడదు. విశాఖ, రాజమండ్రి, విజయవాడ మూడూ ఒకే మబ్బు కింద ఉంటే దిగలేని విమానం ఎక్కడికి పోవాలి? హైదరాబాద్ దాకా పోయేంత ఇంధనం పోయాలి, దానికి తగ్గట్టు మనుషుల్నో సామాన్లనో తగ్గించాలి.

గాలి ఒక్కటే కాదు, నీరు కూడా ఆపేస్తుంది. మిచాంగ్ తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. కానీ ముందురోజే, 4న, రన్‌వే మీద నీళ్లు నిలిచి చెన్నై విమానాశ్రయం మూసేశారు. అక్కడికి రావాల్సినవి చాలా బెంగళూరుకి మళ్లాయి. తీరం దాటిన చోటుకి అన్ని వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న రన్‌వే ముందుగా పోయింది చూడండి. అందుకే మేం తుపాను కేంద్రం గుర్తు ఉన్న చోటు కంటే దాని వాన పట్టీలు ఎంత దూరం చాచాయో చూస్తాం. మచిలీపట్నం, విశాఖ, చెన్నై రాడార్లు అప్పుడు మాకు దేవుళ్లతో సమానం.

ప్రశ్న: మే నెల మధ్యాహ్నం ఫ్లైటులో బరువు ఎక్కువని కొందరి పెట్టెలు దించేశారట. ఎండకీ బరువుకీ ఏం సంబంధం?
(అనంతపురం)

జవాబు: వేడి గాలి పల్చన. రెక్కకీ ఇంజనుకీ కావలసినంత గాలి అందాలంటే ఇంకా వేగంగా, ఇంకా దూరం పరుగెత్తాలి. శంషాబాద్ సముద్రమట్టానికి సుమారు 2,000 అడుగులు. ఆ ఎత్తులో లెక్క ప్రకారం ఉండాల్సిన ఉష్ణోగ్రత 11 డిగ్రీలు. 42 ఉంటే 31 డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలిపితే ఆ మధ్యాహ్నం విమానం 5,700 అడుగుల కొండ మీంచి లేస్తున్నట్టు ప్రవర్తిస్తుంది. శంషాబాద్ రన్‌వే 4,260 మీటర్లు కాబట్టి చిన్న విమానాలకి అక్కడ పెద్ద ఇబ్బంది రాదు. పొట్టి రన్‌వే ఉన్న ఊరు అయితే పెట్టెలు దిగుతాయి.

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. మా అబ్బాయికి పంతొమ్మిది. పైలట్ కాకుండా డిస్పాచర్ అవుతానంటున్నాడు. అది చిన్న ఉద్యోగమని మా వారి బాధ.
(ఒక తల్లి, టెక్సస్)

జవాబు: మీ వారికి చెప్పండి, అమెరికాలో ఎయిర్‌లైన్ డిస్పాచర్‌ది చట్టం ప్రకారం కెప్టెన్‌తో సమానంగా పంచుకునే బాధ్యత. ఇద్దరూ ఒప్పుకుంటేనే విమానం కదులుతుంది. బయల్దేరాక కూడా అది మా చూపులోనే ఉంటుంది. దారిలో వాతావరణం మారితే కబురు పంపాలి, ఇక సురక్షితంగా సాగదనిపిస్తే ఆపమనాలి. ఇక్కడ మన దేశంలో ఆ పని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదంతో చేస్తాం, చివరి మాట కెప్టెన్‌ది.

మీరున్న ఊరిలోనే ఈ చదువుకి పెద్ద పాఠం ఉంది. 1985 ఆగస్టు 2న డెల్టా ఎయిర్‌లైన్స్ 191 నంబరు విమానం డల్లాస్-ఫోర్ట్‌వర్త్‌లో దిగబోతూ ఉరుముల మబ్బు కింద కుమ్మరించిన గాలిలో చిక్కుకుంది. ముందు ఎదురుగాలి లేపింది, వెంటనే కిందికి తోసింది, ఆ వెంటనే వెనకగాలి అయింది. 137 మంది పోయారు, వారిలో ఒకరు రోడ్డు మీద కారులో వెళ్తున్నాయన. ఆ తర్వాతే విమానాశ్రయాల దగ్గర ఇలాంటి గాలిని పసిగట్టే డాప్లర్ రాడార్లు, విమానాల్లోనే ముందు హెచ్చరించే పరికరాలు వచ్చాయి. బాబు కోర్సులో చేరకముందే ఆ ప్రమాదం దర్యాప్తు నివేదిక చదివితే, సూత్రాలు బట్టీ పట్టాల్సిన అవసరం సగం తగ్గుతుంది.

కోర్సు కనీసం 200 గంటలు ఉండాలన్నది నిబంధన. రాతపరీక్ష 21 ఏళ్లకి రాయవచ్చు, సర్టిఫికెట్ మాత్రం 23 నిండాకే. ఈ నాలుగేళ్లు ఖాళీగా ఉంచకండి. డిగ్రీలో వాతావరణ శాస్త్రం తీసుకోమనండి. వీలైతే ఏదైనా ఎయిర్‌లైన్‌లో ర్యాంపు (విమానాలు నిలిపే చోటు) మీదో, లోడ్ ప్లానింగ్ (బరువుల లెక్క)లోనో పార్ట్‌టైమ్ చేరమనండి. రాత్రి డ్యూటీలు ఒంటికి పడతాయో లేదో కూడా అక్కడే తేలిపోతుంది.